నివేదిక ఎవరి చేతికి?

పీటర్ డ్రకర్ మన కామర్స్ క్లాసుల్లో రెండు మార్కుల ప్రశ్నగా బతుకుతున్నాడు. 'మేనేజ్‌మెంట్ బై ఆబ్జెక్టివ్స్ అనగానేమి?' అని అడుగుతారు. పిల్లలు నాలుగు ముక్కలు రాసి బయటపడతారు. నా దగ్గర ఎంకాం చదివి, ఇప్పుడు హైదరాబాదులో చిన్న, మధ్యతరహా కంపెనీలకు కన్సల్టెంటుగా ఉన్న చిరంజీవి మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ మనిషి జీవితాన్నీ ఆలోచననూ తెలుగులో ఒక పుస్తకంగా కూర్చి, ముందుమాట కోసం నా దగ్గరికి తెచ్చాడు.

డ్రకర్ 1954లో 'ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్' రాశాడు. అందులో మన పరీక్షల్లో వచ్చే అధ్యాయం శీర్షికలో లక్ష్యాలు ఒక్కటే లేవు, పక్కనే ఆత్మనియంత్రణ కూడా ఉంది. కంపెనీలు మొదటి సగం పట్టుకుపోయి రెండోది వదిలేశాయి. ఈ పుస్తకం ఆ వదిలేసిన సగాన్ని వెతికి తెచ్చింది. దీని విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఊరూరా తిరిగే ఆడిటర్లు ఉండేవారట. ఏడాదికోసారి ఒక్కో విభాగాన్ని ఆమూలాగ్రం పరిశీలించేవారు. నివేదిక మాత్రం పైవాళ్లకు కాదు, ఆ విభాగం మేనేజరుకే ఇచ్చేవారు. తన పని ఎలా ఉందో ముందు తనకే తెలిస్తే మనిషి దిద్దుకుంటాడు, పైవాడికి తెలిస్తే దాచుకోవడం మొదలుపెడతాడు. డ్రకర్ చూసింది ఇదే. మరో పద్ధతి కూడా ఆయన వివరిస్తాడు. ఏడాదికి రెండుసార్లు ప్రతి మేనేజరూ తన పై అధికారికి ఒక ఉత్తరం రాయాలి. మీ పని లక్ష్యాలు నాకు ఇలా అర్థమయ్యాయి, నా లక్ష్యాలు ఇవనుకుంటున్నాను, మీరూ కంపెనీ చేసే పనుల్లో నాకు సాయపడేవి ఇవి, అడ్డుపడేవి ఇవి. ఈ చివరి మాట రాసే ధైర్యం మన ఆఫీసుల్లో ఎందరికుంది? రాస్తే చదివే ఓపిక ఎందరు బాసులకుంది?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు ఏటా నింపే అప్రైజల్ ఫారం ఈ అధ్యాయానికి మనవరాలే. పోలికలు మాత్రం తాతవి రాలేదు. లాగిన్ ఎప్పుడైందో, కీబోర్డు ఎంతసేపు కదిలిందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ తన నివేదికను నేరుగా పైకి పంపుతుంది, కూర్చున్నవాడికి చూపదు. జనరల్ ఎలక్ట్రిక్ ఆడిటరుది సరిగ్గా ఎదురు దారి. మేధతో పనిచేసే ఉద్యోగి గురించి డ్రకర్ 1959లోనే రాశాడు. పని ఏమిటన్నది కూడా ఆ ఉద్యోగే తేల్చుకోవాల్సి ఉంటుంది కనుక అతణ్ణి వెనక నిలబడి కాపలా కాయలేమన్నది ఆయన వాదం. తెలుగువాళ్లలో ఇంతమంది ఆ తరహా పనిలోనే ఉండగా ఆ వాదం తెలుగులో రావడానికి ఇంతకాలం పట్టింది.

జీవితకథ ఇందులో క్లుప్తంగానే ఉంది. 1909లో వియన్నాలో పుట్టాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. హిట్లర్ రాగానే 1933లో లండన్ వెళ్లాడు, 1937లో అమెరికా చేరాడు. జనరల్ మోటార్స్ కథను మాత్రం రచయిత తీరిగ్గా చెప్పాడు, బాగా చెప్పాడు. యుద్ధకాలంలో ఆ కంపెనీయే పిలిచి, తలుపులన్నీ తెరిచి, లోపల తిరిగి చూడమంది. 1946లో పుస్తకం వచ్చాక పెద్దలు ముఖం చిట్లించుకున్నారు. అందులో తిట్లేమీ లేవు. ఏళ్ల తరబడి సాగుతున్న విధానాలను మళ్లీ తరచి చూసుకోండి, కార్మికుణ్ణి ఖర్చుగా కాక వనరుగా చూడండి అన్నాడంతే. పిలిచి సలహా అడిగినవాడికి సలహా నచ్చాలన్న నియమం లేదని ఏ కన్సల్టెంటుకైనా తెలుసు. ఈ అధ్యాయంలో మా శిష్యుడి సొంత గొంతు కాస్త వినిపించడానికి కారణం అదేననుకుంటాను.

సాంకేతికత మీద డ్రకర్ రాసినవి మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్ ఒట్టి మందమతి అని 1967లోనే రాశాడు. అది ఏమీ నిర్ణయించదు, చెప్పింది చేస్తుంది, కాబట్టి చెప్పేవాడు ముందు తను ఆలోచించక తప్పదు, అదే దానివల్ల లాభం అన్నాడు. సాంకేతిక చరిత్రకారుల సంఘానికి అధ్యక్షుడిగా 1965లో చేసిన ప్రసంగంలో వేల ఏళ్ల నాటి నీటిపారుదల నాగరికతల దాకా వెళ్లాడు. కాలువ తవ్వాక వంతులు, వంతులకు చట్టం, చట్టానికి రాతకోతలు, వాటన్నిటికీ ఒక ప్రభుత్వం అవసరమయ్యాయని వివరించాడు. మా శిష్యుడిది గోదావరి డెల్టా. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టనూ, లాకులనూ, లస్కర్లనూ, నీటితీరువానూ పక్కన పెట్టి ఆ ప్రసంగాన్ని చదివి చూపించాడు. ఆ నాలుగు పేజీలు ఏ అమెరికన్ రచయితా రాయలేడు.

లోపాలు లేవని అనను. భక్తి కాస్త ఎక్కువైంది. పండితుల్లో చాలామంది డ్రకర్‌ను పత్రికారచయితగానే జమకట్టారు, పరిశోధన కన్నా కథనం మీద ఆధారపడతాడన్నారు. ఆ విమర్శకు ఒక్క పేరా చాలదు. జపాన్ అధ్యాయం మరీ చిన్నది. ఆ దేశపు చిత్రకళను ప్రేమించి, సేకరించి, పాఠం కూడా చెప్పిన మనిషికి అది అన్యాయమే. ప్రతి అధ్యాయం చివరా పెట్టెకట్టి ఇచ్చిన 'ముఖ్యాంశాలు' తీసెయ్యమన్నాను, ప్రచురణకర్త ఒప్పుకోలేదట. మెచ్చుకోవాల్సినదీ ఒకటుంది. డ్రకర్ పేరుతో ఊరేగుతూ ఆయన రచనల్లో ఎక్కడా దొరకని సూక్తులను ఇందులోకి రానివ్వలేదు.

2005లో కన్నుమూసేనాటికి డ్రకర్ లాభాపేక్ష లేని సంస్థలకు ఎంతో కాలంగా సలహాలిస్తున్నాడు, 1990లో వాటి నిర్వహణ మీద ఒక పుస్తకమే రాశాడు. ఇక్కడ దానికి దక్కింది ఒక్క పేజీ. మన సహకార సంఘాలకూ గ్రంథాలయాలకూ గుడి ట్రస్టులకూ కావలసింది ఆ పుస్తకమే. రెండో సంపుటం దాని మీదే రాయమని అడిగాను. 'చూద్దాం మాస్టారూ' అన్నాడు. ఈ సంపుటం కొన్నవారు కూడా నాతోపాటు ఒత్తిడి తెస్తే రాస్తాడు.