మోరేరు కట్టిన ఇళ్ళు

కర్ణాటకలో గంగావతికి పది కిలోమీటర్ల దూరాన హిరేబెణకల్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల క్యాంపులనే వలస ఊళ్ళలో వరి పండించే మన కోస్తా రైతులకు అక్కడి కొండలు కొత్త కాదు. వాటిలో ఒకదాని పేరు మోరేర్ గుడ్డ. దాని నెత్తిన దాదాపు 400 రాతి సమాధులున్నాయి. సుమారు 2,500 ఏళ్ళ నాటివి, ఇనుపయుగపు పనివాళ్ళు కట్టినవి.

ఒక్కదాని ముందు కాసేపు కూర్చోండి. చుట్టూ నిలువు పలకలు, పైన మూతబండ. సున్నం లేదు. చాలాచోట్ల కింద ఉన్నది వట్టి బండే, పునాది తవ్వే వీల్లేదు. పలకకు పలక ఆసరాగా నిలవాలి, పైబరువే వాటిని కదలకుండా నొక్కిపట్టాలి. ఇక్కడి గ్రానైటు పొరలు పొరలుగా విడుతుంది. ఆ పొర ఎక్కడ వదులుతుందో కనిపెట్టడంలోనే పనితనమంతా ఉంది. పలకలకు నునుపు పెట్టాలని వాళ్ళు తాపత్రయపడలేదు. అక్కర్లేని చోట ఒక్క ఉలిదెబ్బా వెయ్యని ఆ నిగ్రహం, నాకైతే పక్కనే ఉన్న హంపి స్తంభాల నగిషీకన్నా గొప్పది. అతి అనుకుంటే అనుకోండి.

కొన్నిటికి ముందు పలకలో గుండ్రటి కన్నం ఉంటుంది. పలకంతా మొరటుగా వదిలేసిన చెయ్యి ఇక్కడ మాత్రం గీత తప్పలేదు. అంచు చిట్లకుండా, పగులు పాకకుండా అలా తొలవడం ఎంత కష్టమో రాతిపని చేసేవాళ్ళను అడగండి.

ఊరివాళ్ళ లెక్కలో ఇవి సమాధులు కావు, ఇళ్ళు. మోరేరు అనే మరుగుజ్జులు కట్టుకున్నారట. మనుషులు పొట్టి, బలం మాత్రం గట్టి. మన గోదావరి దగ్గర జానంపేటలో ఇలాంటి బండ సమాధులనే రాకాసి గుళ్ళన్నారు. మూతబండను చూసినవాళ్ళకు రాక్షసులు తోచారు, కన్నాన్ని చూసినవాళ్ళకు మరుగుజ్జులు తోచారు. మామూలు మనిషి చేశాడంటే మాత్రం ఇద్దరూ నమ్మలేకపోయారు!

కొండ మీదే ఎత్తైన గుండుపైన నగారా ఆకారపు రాయొకటి ఉంది. కొయ్యసుత్తితో కొడితే కిలోమీటరు దూరం వినిపిస్తుందంటారు.

2021లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. వెళితే మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. ఫొటో కోసం మూతబండ ఎక్కకండి, దాన్ని పట్టి ఉంచింది సున్నం కాదు.