సంఘం రేడియో: పల్లెపలుకు, ప్రసార స్వాతంత్ర్యము

ప్రసార సంస్థలను గూర్చి మనవారు విమర్శించునపుడు సాధారణముగా రెండు విషయములను పరిశీలింతురు. దాని యజమాని ఎవరు అనునది మొదటిది. ఆ యజమాని ప్రభుత్వమునకు లోబడినవాడా, కాడా అనునది రెండవది. ఈ రెండును ముఖ్యములే. కాని వీనికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ సంస్థ ఎవరి నోటితో మాటలాడుచున్నది? ఎవరి చెవికొఱకు మాటలాడుచున్నది? ఈ ప్రశ్నను ముందుంచుకొని, మెతుకుసీమలో పుట్టిన సంఘం రేడియోను, దాని తోడి సంస్థయైన కమ్యూనిటీ మీడియా ట్రస్టును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. రాష్ట్రము వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవంటివారికి ఈ పరిశీలనవలన ప్రత్యేక ప్రయోజనము గలదు. దానిని తుదిని విన్నవింతును.

తెలుగు ప్రసారమునకు దీర్ఘమైన చరిత్రయే కలదు. 1938 జూన్ 16వ తేదీన మదరాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ఆరంభమైనవి. సంగీతమునకు, నాటకమునకు, వ్యవసాయ విజ్ఞానమునకు ఆకాశవాణి చేసిన సేవ సామాన్యమైనది కాదు. మదరాసునుండి వెలువడిన తెలుగు ప్రసంగములు అచటి మనవారికి ఎంతటి ఆలంబనముగా నుండెనో పెద్దలు ఎఱుగుదురు. అయినను ఆకాశవాణి మాటలాడిన తెలుగు చదువుకొన్నవారి తెలుగు. పల్లెవాడు అందు శ్రోతయేగాని వక్త కాడు. ఎప్పుడైన వక్తయైనచో, నాటకములో హాస్యపాత్రగానో, రైతుల కార్యక్రమములో ప్రశ్నలడుగు అమాయకునిగానో కనిపించును. సమాధానము చెప్పు గొంతుక వేఱొకరిది. తరువాతి కాలమున వచ్చిన ప్రైవేటు దూరదర్శన ప్రసారములు యజమానిని మార్చినవి గాని ఈ ఏర్పాటును పెద్దగా మార్చలేదు.

ఈ ఏర్పాటును కదల్చిన మొదటి మాట న్యాయస్థానమునుండి వచ్చినది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ననుసరించి ఆకాశ తరంగములపై ప్రభుత్వమునకే సర్వాధికారముగా సాగుచుండెను. 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీంకోర్టు, బెంగాలు క్రికెట్ సంఘమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పునిచ్చుచు, తరంగములు ప్రజల సొత్తని నిర్ణయించెను. కాని తీర్పు వెలువడుటకును, పల్లెయందు ప్రసారము వినబడుటకును నడుమ పదుమూడేండ్లు గడచెను. 2002లో ప్రభుత్వము విద్యాసంస్థలకు మాత్రమే అనుమతి నిచ్చినది. దాని ఫలముగా 2004 ఫిబ్రవరి 1వ తేదీన చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయమున మొదటి కేంద్రము వెలసెను. గ్రామ సంఘములకు తలుపు తెఱచినది 2006 నవంబరు నాటి విధానము మాత్రమే.

ఈ మధ్యకాలమునందు మాచ్నూరు గ్రామములో ఏమి జరిగెనో గమనింపదగినది. జహీరాబాదునకు సమీపమున, నేటి సంగారెడ్డి జిల్లాలో నున్నదీ గ్రామము. కన్నడ దేశపు సరిహద్దు దీనికి చేరువ. 1983లో స్థాపితమైన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ప్రాంతపు పల్లెలలో పేద స్త్రీలను సంఘములుగా కూర్చెను. వారిలో అధికులు దళితులు, చిన్న కమతముల సేద్యగత్తెలు. సంస్థ నిర్వాహకులలో ముఖ్యులైన పి. వి. సతీష్ మైసూరులో జన్మించినవారు. దూరదర్శనమునకు కార్యక్రమములు రూపొందించిన అనుభవము గలవారు. 2023 మార్చి 19వ తేదీన దివంగతులైరి. 1998లో యునెస్కో సహాయముతో మాచ్నూరున రేడియో కేంద్రము నిర్మాణమయ్యెను. గది, యంత్రములు, శిక్షణ పొందిన స్త్రీలు అన్నియు సిద్ధమైనవి. అనుమతి మాత్రము రాలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కార్యక్రమములను టేపులపై ముద్రించి, గ్రామముల సంఘ సమావేశములకు కొనిపోయి వినిపించిరి. ఇట్లు పదియేండ్లు జరిగెను. 2008 అక్టోబరు 15వ తేదీన 90.4 మెగాహెర్ట్‌జ్‌పై ప్రసారము ఆరంభమైనపుడు, దానిని ప్రారంభించినవారు 1995 నాటి తీర్పును వ్రాసిన న్యాయమూర్తులలో ఒకరైన పి. బి. సావంతు. స్వచ్ఛంద సంస్థకు లభించిన అనుమతిపై దేశమున నడచిన మొదటి గ్రామీణ కేంద్రము లలో ఇది అగ్రగణ్యము.

ఈ పదియేండ్ల నిరీక్షణమే సంఘం రేడియోకు గురుకులమైనదని నా అభిప్రాయము. టేపును వినిపించు స్త్రీ, వినువారి ముఖములను చూచుచు వినిపించెను. ఎచట నవ్విరో, ఎచట లేచిపోయిరో ఆమెకు వెంటనే తెలిసెను. పట్టణపు కేంద్రమున కూర్చున్న ప్రయోక్తకు ఈ భాగ్యము లేదు. ప్రసారము మొదలైన పిమ్మటను ఆ అలవాటు పోలేదు. నూఱు వాట్లకు మించని శక్తి, పది పదునైదు కిలోమీటర్ల పరిధి గల కేంద్రమునకు శ్రోతలందఱును ఇరుగుపొరుగువారే.

ఇక భాష. జహీరాబాదు ప్రాంతపు తెలుగులో ఉర్దూ, కన్నడ పదములు ధారాళముగా కలిసియుండును. గ్రంథములు చదివినవారికి అది సంకరముగా తోచవచ్చును. సంఘం రేడియో దానిని సంస్కరింపక, హాస్యమునకు వాడక, విత్తనములను గూర్చియు, వైద్యమును గూర్చియు, పండుగలను గూర్చియు చెప్పు గంభీర భాషగా వాడెను. ఈ పని విలువ యెట్టిదో ఒక చిన్న మాటవలన తెలియును. ఒకే ధాన్యమును తెలంగాణమున తైదలనియు, రాయలసీమలో రాగులనియు, ఉత్తరాంధ్రమున చోళ్లనియు అందురు. సర్వప్రాంతములకు ఒకే మాట చాలునని పెద్ద కేంద్రము నిర్ణయించినచో తక్కిన రెండును వంటయింటికే పరిమితమై, మూడవ తరమునకు మఱపున పడును. పోవునది పేరు మాత్రమే కాదు. ఆ పేరుతో కూడిన సామెత, పాట, విత్తు వేళ, వండు తీరు అన్నియు దానివెంట పోవును. చిరుధాన్యముల సాగును నిలుపుకొనుటయే ఆ స్త్రీల జీవనోద్యమము గనుక, ధాన్యమును కాపాడుటయు దాని పేరును కాపాడుటయు వారికి ఒకే పనియైనది.

దృశ్యమాధ్యమమున కమ్యూనిటీ మీడియా ట్రస్టు చేసిన కృషి దీనికంటెను విమర్శకులకు ఆసక్తి గొలుపునట్టిది. చదువు రాని స్త్రీలు సైతము కెమెరా పట్టి చిత్రములు తీసిరి. వారు నేర్చిన విద్యకు వారే పరిభాషను కల్పించుకొనిరి. పైనుండి క్రిందికి చూచి తీయుదానిని పటేలు షాటు అనిరి. భూస్వామి మనుష్యులను చూచు చూపు అదియే గదా! క్రిందినుండి పైకి చూచి తీయుదానికి దాస్యపు చూపు అను అర్థము వచ్చు పేరుంచిరి. కన్నులకు సమముగా నిలిపి తీయుదానిని సంఘం షాటు అనిరి. సంఘములో అందఱును సమముగా కూర్చుందురు గనుక. అలంకార శాస్త్రమున మనము ఔచిత్యమని దేనిని అందుమో అది ఇచట జీవితానుభవమునుండి నేరుగా పుట్టినది. పాఠ్యగ్రంథములు కెమెరా ఎత్తును కొలిచి పేరు పెట్టగా, వీరు చూచువానికిని చూడబడువానికిని గల సంబంధమును కొలిచి పేరు పెట్టిరి. తెలుగులో దృశ్యకళా విమర్శకు ఇంతకంటె స్వతంత్రమైన పరిభాష మఱియొకటి నాకు కనబడలేదు.

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. ఈ సంస్థయందు రెండు లోపములను ఎన్నవలసియున్నది. మొదటిది పక్షపాతము. 2002లో మన దేశమున బి.టి. ప్రత్తికి అనుమతి లభించిన పిమ్మట, ఈ స్త్రీలు వరంగల్లు ప్రాంతపు రైతుల పొలములకు ఏటేట పోయి, పంట స్థితిని చిత్రీకరించిరి. ఒకే పొలమును మరల మరల దర్శించు ఆ ఓపిక పత్రికలవారికి లేదు. అందువలన ఆ చిత్రములకు సాక్ష్యబలము కలిగినది. అయినను మాతృసంస్థ ఆ విత్తనమును ముందునుండియు వ్యతిరేకించినది. దాని దిగుబడిని గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. కంపెనీల ధనమునకు లోబడకపోవుట యొక స్వాతంత్ర్యము. తన ఉద్యమమునకే లోబడకపోవుట మఱియొక స్వాతంత్ర్యము. మొదటిది సాధించినంత పూర్ణముగా రెండవదానిని ఈ సంస్థ సాధించినదని చెప్పజాలము.

రెండవ లోపము ఆర్థికమైనది. దీనిలో సంస్థ తప్పు కొంత, నిబంధనల తప్పు కొంత. 2006 నాటి విధానము గంటకు ఐదు నిమిషముల ప్రకటనలకే అనుమతించినది. పల్లెలోని చిల్లర దుకాణము ఎంత ప్రకటన నీయగలదు? అందువలన కేంద్రము మాతృసంస్థ ఆశ్రయమును విడువజాలదు. పైపెచ్చు వార్తలను, రాజకీయ విషయములను ప్రసారము చేయరాదని కూడ నిషేధించిరి. తరువాత ఆకాశవాణి వార్తలను యథాతథముగా పునఃప్రసారము చేయుటకు మాత్రము వీలు కల్పించిరి. అనగా పల్లెస్త్రీ తన పొలమును గూర్చి మాటలాడవచ్చును. తన పంచాయతీ యెన్నికను గూర్చి వార్త చెప్పరాదు. తరంగములు ప్రజల సొత్తను తీర్పు ఇంకను పూర్తిగా అమలుకాలేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఇప్పుడు మన విషయమునకు వత్తము. కోలారు జిల్లాలోని బూదికోటయందు నమ్మధ్వని యను కేంద్రము వెలసినది. తెలుగు ఇంటిమాటగా గల కుటుంబములు పెక్కు నివసించు జిల్లా యది. తరంగములపై ప్రసారమునకు అనుమతి లేకపోవుటచే వారు దూరదర్శన కేబులు తీగద్వారా ఇండ్లకు ధ్వనిని పంపిరి. మాచ్నూరువారు టేపులు మోసిరి. బూదికోటవారు తీగను ఆశ్రయించిరి. నేడు మనకు ఆ కష్టము లేదు. చేతిలోని ఫోనే ధ్వనిని ముద్రించును, దేశాంతరములకు పంపును. అనుమతి కావలసినవారికి దారియు కలదు. 2006 విధానము ప్రకారము, కనీసము మూడేండ్లు స్థానిక సమాజమునకు సేవచేసిన, లాభాపేక్ష లేని రిజిష్టరయిన సంఘము దరఖాస్తు చేసికొనవచ్చును. కార్యక్రమములలో సగమైనను స్థానికుల భాగస్వామ్యముతో తయారు కావలెననియు, స్థానిక భాషకు, మాండలికమునకు ప్రాధాన్య మీయవలెననియు అందు చెప్పబడినది. అట్టి కేంద్రము ఊరివారందఱిది కావలెను గనుక, కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ మాటలాడు ఇరుగుపొరుగువారితో కాలమును పంచుకొనవలసియుండును. అది న్యాయమే; సరిహద్దు తెలుగు బ్రతికినది ఆ పొరుగుతోనే గదా.

మన సంఘములు ఏటేట ఉత్సవములు జరుపుచున్నవి, సంచికలు వెలువరించుచున్నవి. ఇవి అవసరములే. కాని వానిలో మనము వ్రాయునది పుస్తకముల తెలుగు. హోసూరు, కృష్ణగిరి సీమల సేద్యగాని తెలుగు, బరంపురము, పర్లాకిమిడి వీధుల తెలుగు, సోలాపురపు పద్మశాలీల మగ్గముచెంత వినబడు తెలుగు, యానాము గోదావరి గట్టు తెలుగు, ఇవి ఏ సంచికలోను వినబడవు. బడిలో తెలుగు లేని పిల్లలకు ఆ పలుకు అవ్వతాతల నోటనే మిగిలియున్నది. ఆ నోరు మూతపడిన నాడు దానిని తిరిగి తెచ్చు విద్య ఏ విశ్వవిద్యాలయమునందును లేదు. మాచ్నూరు స్త్రీలు అనుమతికై పదియేండ్లు కాచుకొన్నను, ముద్రించుటను ఒక్కనాడును వాయిదా వేయలేదు. ప్రతి సంఘమును ఈ సంవత్సరముననే తన ఊరి వృద్ధులలో పదిమంది పలుకును, వారి వృత్తిమాటలతో, పాటలతో, సంస్కరింపక ముద్రించి భద్రపఱచినచో, ప్రసారమునకు కావలసిన మొదటి మూలధనము సమకూడినట్లే. యంత్రములు తరువాత కొనవచ్చును. గొంతుకలను మాత్రము తరువాత కొనలేము.