జాబితాల లెక్క: హాస్కెల్‌లో ఒక లోపము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు వరుసగా 40, 25, 60 ధాన్యపు బస్తాలు పంపితిమనుకొందము. బస్తాకు కిరాయి 30, 40, 20 రూపాయలు. 1990లో వెలువడిన హాస్కెల్ భాషలో ఈ రెండు జాబితాలను ‘జిప్‌విత్’ అను ప్రమేయమునకిచ్చి గుణింపుమన్నచో 1200, 1000, 1200 వచ్చును. ‘సమ్’ అను ప్రమేయము మొత్తము 3400 అని చెప్పును. జాబితా నంతటిని ఒకే మాటతో నడపు ఈ పద్ధతి సొగసైనదే.

కాని కోదాడ కిరాయి వ్రాయుట మరచినచో? రెండవ జాబితాలో 30, 20 మాత్రమే మిగులును. అపుడు మిర్యాలగూడ కిరాయి కోదాడకు పడును. మిర్యాలగూడ లెక్కలోనే ఉండదు. 1200, 500, మొత్తము 1700. సరిగా సగము! యంత్రము పల్లెత్తు మాట అనదు.

1, 2, 3... అను అంతులేని అనుక్రమముతో మూడు ఊళ్లకు వరుస సంఖ్యలు వేయుటకు ఈ సదుపాయము కావలెనందురు. నిజమే. ఐనను దానికొక ప్రమేయము, కూడికలు గుణకారములకు వేరొకటి ఉండవలసినది. 1962 నాటి ఐవర్సన్ గ్రంథములోని సంకేతముల నుండి పుట్టిన ఏ.పి.ఎల్. భాషలో పొడవులు కలియకున్న యంత్రము తప్పు చూపి ఆగును. ఒంటి సంఖ్యకు మాత్రము మినహాయింపు. హాస్కెల్ వాడువారు ‘లెంగ్త్’తో పొడవులు తామే సరిచూచుకొనవలెను. అంతులేని జాబితాపై ఆ లెక్కింపు ఎన్నటికిని ముగియదు.