గద్దర్ పాట: కాసెట్టులో, మైదానంలో

గద్దర్ పాటలను గురించి మన కళాశాలల్లో రెండు రకాల మాటలు వినబడుతూ వుంటాయి. అవి కవిత్వం కావు, వట్టి ప్రచారం అనేది ఒకటి. అవి విమర్శకు అతీతమైనవి అనేది రెండవది. ఈ రెండు మాటలూ అనేవారిలో చాలామంది ఆ పాటను పుస్తకంలో చదివో, కాసెట్టులో వినో మాట్లాడుతున్నవారే. కాని గద్దర్ పాటకు అసలు స్థానం మైదానం.

జననాట్యమండలి కాసెట్లు నేను బడిలో చదివే రోజుల నుంచీ వింటున్నవాణ్ణే. ఆయనను ఎదుట చూసింది మాత్రం 2011లో, తెలంగాణ వుద్యమం ముమ్మరంగా సాగుతున్నప్పుడు, ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సభలో.

అచ్చులో చూస్తే ఆయన పాటల్లో పునరుక్తి ఎక్కువ. ఆలంకారికుడు దాన్ని దోషమంటాడు. కాసెట్టులో వంత ఎప్పుడూ ఒకే చోట, ఒకే మోతాదులో అందుకుంటుంది గనుక అక్కడా ఆ పునరుక్తికి కారణం కనబడదు. మైదానంలో కనబడుతుంది. ఆయన పల్లవి ఎత్తి ఆగుతాడు. జనం అందుకోకపోతే అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు, ఈసారి కాలి గజ్జెలతో దరువు తేటగా వేస్తూ. వాళ్లు అందుకున్న తర్వాతగాని చరణానికి కదలడు. పాదం ఎన్నిసార్లు రావాలో నిర్ణయించేది కవి కాదన్నమాట, నేల మీద కూర్చున్నవాళ్లు.

ఈ పద్ధతి ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ చెప్పిన బుర్రకథను గుర్తు తెచ్చుకోండి. కథకుడికి చెరొక పక్క వంత. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. 1972లో ఏర్పడిన జననాట్యమండలికి ఆ వారసత్వం వుంది. గద్దర్ ఆ ముగ్గురినీ ఒక్క శరీరంలోకి తెచ్చాడు. పాడుతూ ఆగి ధరల సంగతి మాట్లాడితే రాజకీయ వంత. అంతలోనే దొర నడక నడిచి చూపిస్తే హాస్యపు వంత. భుజం మీది గొంగడి ఒకసారి తల్లి కొంగవుతుంది, ఒకసారి శవం మీద కప్పిన గుడ్డ.

అయితే ముగ్గురి పనీ ఒక్కరే చేయడంలో ప్రమాదం లేకపోలేదు. వంతలు కథకుణ్ణి అడ్డగిస్తారు, ఎగతాళి చేస్తారు. ఒక్కడే అయినప్పుడు అడ్డగించేవాడుండడు. ఆ సాయంత్రం ఆయన వేదిక ఎక్కగానే మోగిన యీలలు సినిమా నటుడికి మోగేలాంటివే. ‘మా భూమి’ (1979) చిత్రంలో ఆయన తెరమీద పాడిన పాట సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరిది. నా విద్యార్థుల్లో చాలామంది దాన్ని గద్దర్ పాటే అనుకుంటారు! ఇందులో ఆయన తప్పేమీ లేదు. పాటనూ మనిషినీ ఒకటి చేసుకున్నది మనం. 2018లో ఆయన మొదటిసారి వోటు వేసినప్పుడూ, 2023లో, మరణానికి కొద్ది వారాల ముందు, సొంత పార్టీని ప్రకటించినప్పుడూ మనవాళ్లు పడ్డ కలవరంలో సగం ఇందువల్ల వచ్చిందే. ఆ నిర్ణయాలను విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. దానితో పాటలు రద్దు కావు.

ఆ సభలో యీలలు ఆగిన ఘట్టం ఒకటుంది. లచ్చుమమ్మ పాట ఎత్తుకున్నాడు. దిగులుగా కూర్చున్న శ్రామిక స్త్రీని, ఎందుకమ్మా అలా వున్నావని పలకరించే పాట అది. కాసెట్టులో వింటే మంచి వరస, అంతే. ఇక్కడ ఆయన మైదానం అంచున కూర్చున్న ఆడకూలీల వైపు తిరిగి ఆ ప్రశ్న వేశాడు. గొంతు తగ్గించాడు. గజ్జెలు ఆగాయి, డప్పు ఆగింది. ముందు వరసలో వున్న మా విద్యార్థులం అలవాటు కొద్దీ వంత అందుకోబోతే చేయెత్తి వారించాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక ముసలామె కూర్చున్న చోటనుంచే, రోజుకు కూలి ఎంత యిస్తున్నారో గట్టిగా చెప్పింది. ఆయన ఆ మాటను చరణంలో కలుపుకొని పాడాడు. అప్పుడుగాని మాకు వంత పాడే వీలు దొరకలేదు.