పుట సంఖ్య లేని విన్నపం

డిట్రాయిట్‌కు ఉత్తరాన ఉన్న ట్రాయ్ పట్టణంలో తెలుగు వినబడటం వింత కాదు. భారతీయ దేవాలయం ఆ ఊళ్ళోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళవారు 1998లో మొదలుపెట్టిన డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ ఇప్పటికీ పుస్తకాల మీద చర్చలు జరుపుతోంది. అటువంటి చర్చకు సిద్ధమయ్యే పాఠకుడికి ‘భారతి’ పాత సంచికలోని ఒక వ్యాసం కావలసివచ్చిందనుకుందాం. ట్రాయ్ పురపాలక గ్రంథాలయంలో అది ఉండదు, ఉండనక్కరా లేదు. ఏ గ్రంథాలయమూ తన గోడల మధ్య ఉన్నదానితోనే పాఠకుణ్ణి సరిపెట్టుకోమనదు. ఇరుగుపొరుగు గ్రంథాలయాల సహకార సంఘం, మెల్‌క్యాట్ అనే మిషిగన్ రాష్ట్రపు ఉమ్మడి జాబితా, ఆపైన ఓసీఎల్‌సీ నడిపే ప్రపంచ జాబితా ఉన్నాయి. పుస్తకమైతే వ్యానులో వస్తుంది. వ్యాసమైతే ఎక్కడో ఒక ఉద్యోగి ఆ పుటలను స్కాన్ చేసి పంపితే తెర మీదకే వస్తుంది.

ఇదంతా ఒక్కరోజులో ఏర్పడలేదు. ఓసీఎల్‌సీ కంప్యూటర్ల ద్వారా అరువు విన్నపాలు పంపే పద్ధతి 1979లో మొదలైంది. కాగితపు నకళ్ళను తపాలాలో పంపే అలవాటును 1990ల ఆరంభంలో ఏరియల్ అనే సాఫ్ట్‌వేర్ మార్చింది. 1997 జూలై వరదలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగ మునిగి లక్షల సంపుటాలు తడిసిపోయాయి. తమ దగ్గర లేకుండా పోయిన వ్యాసాలను ఇతరుల నుంచి త్వరగా తెప్పించుకోవటానికి అక్కడివారు కట్టుకున్న ఏర్పాటే తర్వాత ర్యాపిడ్ అనే పేరుతో వందలాది గ్రంథాలయాలకు వ్యాపించింది. ఇల్లు మునిగినవాడు వీధివీధికీ తాడు కట్టినట్టయింది.

ఈ ఏర్పాట్లలో తెలుగు ఎందుకు కనబడదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. అమెరికాలో తెలుగు పుస్తకాలు లేవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1954 నాటి పీఎల్-480 చట్టం కింద భారతదేశం కొన్న గోధుమలకు చెల్లించిన రూపాయలు అమెరికా ఖాతాలో పేరుకుపోయాయి. ఆ సొమ్ముతో అక్కడి పుస్తకాలు కొనవచ్చునని 1958లో సవరణ తెచ్చినవాడు మిషిగన్ ప్రతినిధి జాన్ డింగెల్, అంటే ట్రాయ్ వారికి పొరుగువాడే. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం పని ప్రారంభించింది. ఇతర భారతీయ భాషల పుస్తకాలతోపాటు తెలుగు నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు ఓడలెక్కాయి. ఆ పథకంలో చేరిన విశ్వవిద్యాలయాలలో మిషిగన్, షికాగో, విస్కాన్సిన్ ఉన్నాయి. ఆంధ్రదేశంలో చెదలపాలైన పుస్తకం చలిదేశపు అలమారలో భద్రంగా నిలిచిన సందర్భాలు ఉన్నాయంటే, దానికి గోధుమలు కారణం.

పుస్తకం ఉంది, పంపే దారీ ఉంది. అడ్డు మరొకచోట ఉంది. అమెరికా గ్రంథాలయ జాబితాలలో తెలుగు పేర్లు చాలాకాలం రోమన్ లిపిలోనే నమోదయ్యాయి. అందుకు వాడే లిప్యంతరీకరణ పద్ధతి శాస్త్రీయమైనదే, కానీ ఏ తెలుగువాడూ తన పేరునుగాని తన ఊరినిగాని ఆ పద్ధతిలో రాయడు. ‘చివరకు మిగిలేది’ని వెతికే పాఠకుడు సీ తర్వాత హెచ్ కొడతాడు. జాబితాలో చకారానికి ఒక్క సీ మాత్రమే, హెచ్ చేరితే అది ఒత్తు ఛకారం. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ – జ్ఞాపకాలూనూ’ కావాలంటే అతడి వేళ్ళు జీ, ఎన్ మీదికి పోతాయి. జాబితాలో ఉన్నది జే, ఎన్. తకారానికి అతడు టీ పక్కన హెచ్ పెడతాడు, జాబితా పెట్టదు. దీర్ఘాలకు అతడు అక్షరాన్ని రెండుసార్లు రాస్తాడు, జాబితా అక్షరం నెత్తిన గీత గీస్తుంది. వెతుకుడు యంత్రం ఆ గీతను ఉపేక్షించినా జోడు అక్షరాన్ని క్షమించదు. తెర మీద ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది. పుస్తకం గంట ప్రయాణంలో ఉన్నా పాఠకుడి దృష్టిలో అది ఈ ఖండంలోనే లేదు.

తప్పు గ్రంథాలయాలది మాత్రమే అయితే ఈ వ్యాసం ఇక్కడే ఆగిపోవచ్చు. పక్కనే ఉన్న వైద్య గ్రంథాలయాల పద్ధతిని చూస్తే మన వైపు లోటు బయటపడుతుంది. ట్రాయ్‌లోని ఒక వైద్యుడికి అరుదైన వ్యాధి మీద వ్యాసం కావలసివస్తే ఆసుపత్రి గ్రంథాలయం డాక్‌లైన్ ద్వారా విన్నపం పంపుతుంది. ఒక గ్రంథాలయం కాదంటే విన్నపం దానంతటదే మరొక గ్రంథాలయానికి వెళుతుంది. తరచు ఒకటి రెండు రోజులలో వ్యాసం చేతికొస్తుంది. జాతీయ వైద్య గ్రంథాలయం ఈ ఏర్పాటును ప్రారంభించినది 1985లో. అయితే దాని పునాది 1879 నాటిది. ఆ ఏడాది జాన్ షా బిల్లింగ్స్ ‘ఇండెక్స్ మెడికస్’ మొదలుపెట్టి వైద్య పత్రికల వ్యాసాలను విషయవారీగా, రచయితలవారీగా నమోదు చేయించాడు. ఈనాడు పబ్‌మెడ్‌లో ప్రతి వ్యాసానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఒక్కటి చెబితే చాలు, పత్రిక పేరు, సంపుటం, పుటలు యంత్రమే నింపుకుంటుంది. వందేళ్ళకు పైగా సాగిన సూచికల పని ముందు, బట్వాడా ఆ తర్వాత.

తెలుగు వ్యాసకర్తల ఆధారాలను దీని పక్కన పెట్టి చూడాలి. ‘భారతి, 1932’ అని ఒక ముక్క ఉంటుంది. ఏ నెల? ఏ పుట? కొన్నిచోట్ల ‘భారతిలో ఎవరో రాసినట్టు’ అన్నదే ఆధారం. 1924 జనవరిలో పుట్టి 1991 దాకా బతికిన ఆ మాసపత్రికకు సంచికలు ఏడువందలకు పైమాటే. తొలి సంచిక నాటి తెలుగు సంవత్సరం రుధిరోద్గారి. మన పాత పత్రికలను, పుస్తకాలను తెలుగు సంవత్సరంతోనో మాసంతోనో పేర్కొనే అలవాటు ఈనాటికీ పోలేదు. విన్నపం పత్రంలో సంపుటం, సంచిక, నెల, పుటలు అని గళ్ళుంటాయి. ‘పుష్య మాసం’ ఏ గడిలో నింపాలి? విస్కాన్సిన్‌లోనో షికాగోలోనో స్కానర్ ముందు కూర్చున్న విద్యార్థికి తెలుగు రాకపోవచ్చు. అతడికి కావలసింది అంకెలు. అంకెలు లేని విన్నపం తిరిగివస్తుంది, అది అతడి నేరం కాదు. సంప్రదాయ పాండిత్యం జ్ఞాపకశక్తి మీద నడిచింది, పుట చెప్పటం అవసరమని భావించలేదు. అది ఆనాటికి చెల్లింది. విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథాలు కూడా అదే దారిన నడవటాన్ని మాత్రం సమర్థించలేము.

చట్టం కూడా కొంత ముడి వేస్తుంది. 1976 నాటి అమెరికా కాపీరైట్ చట్టం గ్రంథాలయాల మధ్య నకళ్ళను అనుమతించింది. 1978లో అమలుకు వచ్చిన మార్గదర్శకాల ప్రకారం గత ఐదేళ్ళలో వెలువడిన ఒక పత్రిక నుంచి ఒక గ్రంథాలయం ఏడాదికి ఐదు వ్యాసాలకు మించి తెప్పించుకోరాదు. ‘భారతి’కి ఈ ఐదేళ్ళ లెక్క వర్తించదు. పుస్తకాల సంగతి వేరు. ఆన్ ఆర్బర్ కేంద్రంగా 2008లో ఏర్పడిన హాతీట్రస్ట్‌లో తెలుగు పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. శ్రీపాద 1961లో కన్నుమూశారు. భారత చట్టం ప్రకారం అరవయ్యేళ్ళ గడువు 2021 చివరితో ముగిసింది. కానీ ఆయన 1950లలో అచ్చువేసిన పుస్తకానికి అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్ళ లెక్క. రాజమండ్రిలో ఎవరైనా తిరిగి అచ్చువేసుకోగల పుస్తకం ఆన్ ఆర్బర్ సర్వర్లలో మరో పాతికేళ్ళు తాళం కింద ఉంటుంది. విచిత్రమేమిటంటే అదే పుస్తకపు కాగితపు ప్రతిని వ్యానులో ట్రాయ్‌కి పంపటానికి అభ్యంతరం లేదు.

స్వదేశంలో స్కాన్ చేసే పని మందగించలేదు. రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ పుస్తకాల ప్రణాళికలో వేల తెలుగు పుస్తకాలు డిజిటల్ రూపం పొందాయి. ఆ వెబ్‌సైటు మూతపడ్డాక ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి. అక్కడ పుస్తకం పేరు ఒక తీరులో తప్పు, రచయిత పేరు మరో తీరులో తప్పు. బొమ్మ ఉంది, చిరునామా లేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించి, పత్రిక నడిపి, ఉద్యమం నిర్మించిన అయ్యంకి వెంకటరమణయ్య తరం వారికీ, 1935లో గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద పుస్తకాలు పంపిన పాతూరి నాగభూషణానికీ సమస్య వేరుగా ఉండేది: చిరునామా తెలుసు, చేర్చే దారే కరువు. ఈనాడు అది తలకిందులైంది.

పంచుకోవటమంటే పైకం లేని వ్యవహారమనుకోవటం మరో భ్రమ. ట్రాయ్ గ్రంథాలయం 2011లో మూతపడే స్థితికి వచ్చింది. అంతకుముందు పన్ను ప్రతిపాదన ఓడిపోయింది. ఆగస్టు 2న మరోసారి ఓటింగు. వెయ్యి డాలర్ల పన్ను విలువకు 70 సెంట్లు అడిగారు. గ్రంథాలయం మూసివేతకు ఓటేసి ఆగస్టు 5న పుస్తకాలు తగలబెట్టే విందుకు రమ్మంటూ ఊరంతా బోర్డులు వెలిశాయి. జనం మండిపడ్డాక అది గ్రంథాలయం పక్షం వారి ఎత్తుగడ అని తేలింది. పన్ను నెగ్గింది. మోసం కాదా అని అడిగేవారికి అది న్యాయమైన ప్రశ్నే. (1971లో ఇదే గ్రంథాలయంలో మార్గరీట్ హార్ట్ అనే పిల్లల విభాగం ఉద్యోగిని ప్రముఖులకు ఉత్తరాలు రాసి, ఊరి పిల్లలకోసం 97 జవాబులు తెప్పించింది. ఆ పద్ధతి ఇంతకంటే మర్యాదైనది.) సొంత గ్రంథాలయం మూతపడితే పొరుగువారి పుస్తకాలు అడిగే హక్కు కూడా ఆ కార్డుతోపాటే పోతుంది. తెలుగు రాష్ట్రాలలోనూ ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. వసూలైనది గ్రంథాలయ సంస్థలకు చేరదన్న ఫిర్యాదు పాతదే.

విదేశాలలోని సాహిత్య సంఘాలు ఏటా సంచికలు అచ్చువేస్తాయి, పాత పుస్తకాలు స్కాన్ చేయిస్తాయి. ఆ డబ్బులో కొంత ‘భారతి’ వ్యాసాల సూచికకు మళ్ళితే ఉపయోగం ఎక్కువ. వ్యాసం పేరు, రచయిత, తెలుగు మాసం, ఇంగ్లీషు నెల, సంపుటం, సంచిక, పుటలు, తెలుగు లిపిలోనూ జాబితాల రోమన్ పద్ధతిలోనూ. ఒక సంచిక విషయసూచికను ఎత్తిరాయటానికి అరగంట పట్టవచ్చు. ఏడువందల చిల్లర సంచికలకు సుమారు నాలుగువందల గంటలు. ఇరవైమంది పూనుకుంటే వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలల లోపు పని.