పొదుగు గంప

కోడి పొదుగుకొచ్చిందని మా మేనత్త గొంతు వినే చెప్పేసేది. గుడ్డు పెట్టిన కోడి ఊరంతా వినేలా అరుస్తుంది. పొదుగుకొచ్చింది గొంతు తగ్గించి గొణుగుతుంది, దగ్గరికెళ్తే ఈకలు నిక్కబొడిచి పొడుస్తుంది.

గంప అడుగున పేలు పట్టకుండా బూడిద, పైన ఎండుగడ్డి, దానిమీద 10, 12 గుడ్లు. అంతకు మించితే రెక్కల కింద పట్టక అంచువి చల్లారిపోతాయి. కోడిని చీకటి పడ్డాకే కూర్చోబెట్టేది. వారం తర్వాత టార్చి వెలుగులో ఒక్కో గుడ్డూ ఎత్తి చూసేది: ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, తేటగా ఉంటే తీసెయ్యడమే. గుడ్లు తిప్పుకోవడం కోడి పని. రోజుకోసారి దాన్ని దించి నూకలు, నీళ్లు పెట్టడం అత్త పని. కొన్ని పెట్టలు తిండి కూడా మానేసి కూర్చుంటాయి మరి!

పిల్లలు అక్కర్లేనప్పుడు పొదుగు మాన్పించాలని కొందరు ముక్కులో ఈక గుచ్చుతారు. నాకు గిట్టదు. గడ్డి పరవకుండా, గాలాడేచోట నాలుగు రోజులు మూసిపెడితే చాలు.

పొదగేసిన కోడైతే, 21వ రోజున గంపకి చెవి పెట్టండి, లోపల కిచకిచలు వినిపిస్తాయి. పెంకు మాత్రం మీరు ఒలవకండి. పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది.