మూటాముల్లే సర్దినదెవరు?

మన పెళ్లితంతులో వరుడికొక ప్రయాణం ఉంది. గొడుగు పట్టుకుని, చేతికర్ర తీసుకుని కాశీకి బయల్దేరతాడు. ఆడపెళ్లివారు అడ్డుపడి, బతిమాలి వెనక్కి తీసుకొస్తారు. చాలా ఇళ్లలో ఇప్పటికీ నవ్వుల మధ్య జరిగే ఘట్టమిది. వధువుకి ఇలాంటి ఘట్టం లేదు. ఆమె వంతు ప్రయాణం అప్పగింతలే. ఇల్లు విడిచిపోయే స్వేచ్ఛ ఎవరిదో, ఇల్లు మారే విధి ఎవరిదో కాపురం మొదలుకాకముందే తేల్చేస్తాం. ఆ ఇద్దరూ ఎప్పుడో ఒకనాటికి కలిసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లాలనుకుంటే, ఆ ప్రయాణానికి ఎవరు ఎట్లా సిద్ధమవుతారు? మన సాహిత్యంలో దీనికి జవాబు వెతుకుతూ కొన్ని పుస్తకాలు మళ్లీ తీశాను.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. తిరుగుదారి మా నెల్లూరు మీదుగానే. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఏ ఊళ్లో దినుసులు దొరుకుతాయి వంటి వివరాలెన్నో ఉన్నాయి. సన్నాహం కూడా రాయదగిన సంగతేనని గుర్తించడం ఆ పుస్తకం గొప్పతనం. అయితే అవి ఒక పురుషుడు తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి రాసిన ఉత్తరాలు. వెంట వెళ్లిన పరివారంలోని ఆడవాళ్లు అదే దారిని ఎట్లా చూశారో మనకి తెలియదు. వాళ్లు రాసిన ఉత్తరాలు లేవు.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1920లలో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకి బయల్దేరతాడు. ఆ అమాయకత్వానికి నేనూ కడుపుబ్బ నవ్వాను. కానీ ఆ హాస్యం నిలబడింది ఒక వెసులుబాటు మీద. చెప్పకుండా వెళ్లిన కొడుకు తిరిగొచ్చి బారిస్టరు కాగలడు. చెప్పకుండా వెళ్లిన కూతురికి మన భాషలో ఉన్న పేరు ‘లేచిపోయింది’. అదే ప్రయాణం ఆమె చేస్తే హాస్యనవల కాదు, అపవాదు అవుతుంది.

అంతకు ముందే 1910లో గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని ఉత్తరం రాసిపెట్టి పుట్టింటికి వెళ్లిపోయినట్టు నమ్మిస్తుంది. నిజానికి ఆమె గడప దాటలేదు. మంచం కిందే ఉంది. భర్తని దిద్దిన తెలివి గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ ఉత్తరంలోని గమ్యం మీద దృష్టి నిలిచిపోతుంది. కోపంలోనైనా, నాటకంలోనైనా ఆమెకి దొరికిన ఊరు పుట్టిల్లే.

స్త్రీలు ప్రయాణాల గురించి రాయలేదని కాదు. పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్రను తెలుగులో రాసింది. అది 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. నాయని కృష్ణకుమారి విద్యార్థినులతో చేసిన యాత్ర ‘కాశ్మీర దీపకళిక’ అయింది. అది అధ్యాపకురాలిగా చేసిన ప్రయాణం. భార్యగా, భర్తతో కలిసి, కేవలం విశ్రాంతి కోసం చేసిన ప్రయాణం మీద, అందులోనూ దాని వెనక పడిన చాకిరీ మీద, నేను చదివినంతలో మనకి రచన చాలా తక్కువ. విశ్రాంతి గురించి రాసినవాళ్లు లేకపోలేదు. అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’లో స్త్రీ కోరుకున్నది హిమాలయాలు కాదు, కంటినిండా నిద్ర. విమల ‘వంటిల్లు’ కవిత వంటింటినే నిలదీసింది. మనతోపాటు రైలెక్కే వంటింటిని మాత్రం ఇంకా ఎవరూ సరిగా నిలదీయలేదు.

ఈ మాట నా అనుభవం నుంచే అంటున్నాను. పెళ్లయిన ఇరవయ్యారేళ్లకి మేమిద్దరమే వారం రోజులు కన్యాకుమారి దాకా వెళ్లాలనుకున్నాం. పిల్లల చదువులు, మామగారి జబ్బు, ఇంటి అప్పు ఒకదాని వెనక ఒకటి దాన్ని వాయిదా వేస్తూ వచ్చాయి. అరవై రోజుల ముందు రిజర్వేషను తెరిచిన ఉదయమే మావారు ఫోను పట్టుకుని టికెట్లు తీశారు, గదులు మాట్లాడారు. సాయంత్రానికి “అన్నీ అయిపోయినట్టే, ఇంక రైలెక్కడమే” అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన పనులు నిజంగానే అయిపోయాయి.

నావి అప్పుడే మొదలయ్యాయి. అత్తగారి దగ్గర ఉండటానికి ఆడబిడ్డని ఒప్పించాలి. ఆవిడకి సరిపడా పప్పుపొడి, కారప్పొడి కొట్టించాలి. వడియాలు ఎండబెట్టాలి. పాలవాడికి, పేపరువాడికి, గ్యాసువాడికి చెప్పాలి. తులసికి నీళ్లెవరు పోస్తారో చూడాలి. రైల్లోకి పులిహోర, పెరుగన్నం, మురుకులు, బయటి తిండి పడదని ఆయనకి విడిగా ఇంకొకటి. రాసుకుంటే నలభైమూడు పనులయ్యాయి. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, “ఇందులో మీరు ఎవరినీ అడక్కుండా చేయగలిగినవి ఎన్ని?” అన్నాను. పెన్ను తీసుకుని టిక్కులు పెట్టారు. ఆరు.

ఆ రాత్రి అత్తగారి మందుల పుస్తకం ఆయన చేతికిచ్చాను. రక్తపోటు మాత్ర అన్నానికి ముందా, తర్వాతా అని ఆయన తన తల్లి దగ్గరికే వెళ్లి అడగాల్సి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. “ఇన్నాళ్లకి అడిగావురా” అంది. మావారు చెడ్డవారు కాదు. పితృస్వామ్యం చెడ్డవాళ్లతోనే నడిచేదైతే ఎప్పుడో కూలిపోయేది. ఇల్లు దానంతటదే నడుస్తుందనే నమ్మకంతో, మంచివాళ్ల సౌకర్యం మీద అది నడుస్తోంది.

ఇక్కడ ఇంకొకరి మాట చెప్పకపోతే ఈ వాదన మధ్యతరగతి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మైపాడు వైపు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె మే నెలలో ఎండుచేపల గంప దించి, “ఊరికి పోతుండారంట గదమ్మా” అంది. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. మరి మీకు సెలవులే కదా అన్నాను. “మావోళ్లకి పడవలకి సెలవు. గంపకేడుందమ్మా సెలవు?” అంది.

మగవాళ్ల ఆ సెలవు కూడా సుఖమైనదేం కాదు. రాబడి లేని రెండు నెలలవి. పడవ ఆగినా పొయ్యి ఆగదు కాబట్టి ఆమె గంప ఆగలేదు. కనుమ నాడో, కార్తీక పున్నమికో మేం మూటలు కట్టుకుని మైపాడు ఇసుకలో కూచుని సముద్రాన్ని చూసొస్తాం. అదే ఇసుక మీద ఆమె చేపలు ఎండబెడుతుంది. సెలవు అనే మాటకి మా ఇద్దరి మధ్య ఒకే అర్థం లేదు. నా నలభైమూడు పనుల జాబితా రాసుకోవడానికి కూడా కొంత తీరిక కావాలి, కాగితం కావాలి, వెళ్లడానికొక ఊరుండాలి. ఆమెకి ఆ మూడూ లేవు. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. ఇంట్లో మగవాడి పని ఆగిన రోజున మా పని ఆగదు.

మన విమర్శకి ఇందులో పని ఉందనుకుంటున్నాను. యాత్రారచనని గమ్యం అందాన్ని బట్టి, రచయిత పరిశీలనని బట్టి అంచనా వేయడం మనకి అలవాటు. దానికి రెండు ప్రశ్నలు చేర్చుకోవాలి. బయల్దేరేముందు ఆ ఇంట్లో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు? వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ ఇల్లు ఎవరి చేతుల మీద నడిచింది? ఈ ప్రశ్నలతో చదివితే వీరాస్వామయ్య పుస్తకం విలువ తగ్గదు. అందులోని మౌనం కూడా వినపడుతుంది.

రచయిత్రులు చేయగలిగింది ఇంకా ఎక్కువ. పాత డైరీల్లో, పచారీ చీటీల వెనకవైపు, కాలెండరు గళ్లలో మనం రాసుకున్న జాబితాలు ఎన్నో ఉంటాయి. వాటిని పారేయకండి. ఈసారి యాత్ర గురించి రాసేటప్పుడు రైలు కూతతో కాదు, దానికి మూడు వారాల ముందు వడియాలు ఎండబెట్టిన మధ్యాహ్నంతో మొదలుపెట్టండి.